మిగులు బడ్జెట్ ఉన్న మున్సిపాలిటీలో జీతాలు ఎందుకు ఆగుతాయి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మాది లక్షలోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ. అమ్మ వార్డు కౌన్సిలర్. బడ్జెట్ పుస్తకంలో మూడు కోట్లు మిగులు చూపించారు. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం రెండు నెలలుగా జీతాల్లేవు. ఇదెలా సాధ్యం? రేపు తుఫానో వరదో వస్తే ఇలాంటి ఊరు ఎలా తట్టుకుంటుంది? పెద్ద నగరాల్లాగా బాండ్లు వేసి డబ్బు తెచ్చుకోకూడదా?"

నేను కోస్తాలోని నాలుగు మున్సిపాలిటీల్లో ముప్పై ఏళ్లకు పైగా అకౌంట్స్ విభాగంలో పనిచేశాను. జూనియర్ అకౌంటెంటుగా చేరి అకౌంట్స్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ఇదే ప్రశ్న మీ అమ్మగారు కౌన్సిల్ మీటింగులో అడిగితే ఏ జవాబు వస్తుందో నాకు తెలుసు. "మేడమ్, అవి వేరే ఫండ్స్" అంటారు. అది నిజమే. కానీ ఆ ఒక్క ముక్కతో ఎవరికీ ఏమీ అర్థం కాదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ మూడు కోట్ల సంగతి. బడ్జెట్‌లో మిగులు అంటే మార్చి 31 నాటికి ఉంటుందని అంచనా వేసిన ముగింపు నిల్వ. అందులో అన్ని ఖాతాల డబ్బూ కలిసి ఉంటుంది. మీ ఇంట్లో బీరువాలో పది వేలున్నాయనుకోండి. ఆరు వేలు పిల్లల ఫీజు కోసం తీసిపెట్టినవి, రెండు వేలు ఎల్లుండి కట్టాల్సిన చీటీ డబ్బు, వెయ్యి పక్కింటావిడ దాచమని ఇచ్చినవి. ఇంట్లో పది వేలున్నాయంటే అబద్ధం కాదు. కూరగాయలకి తీయగలిగింది మాత్రం వెయ్యే.

మున్సిపాలిటీలోనూ అంతే. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంటునే తీసుకోండి. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఆ గ్రాంటులో 30 శాతం తాగునీటికి, 30 శాతం పారిశుద్ధ్యానికి, చెత్త నిర్వహణకు అని ముందే రాసిపెట్టి ఇచ్చారు. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చన్నారు. అయితే ఆ 40 శాతంలోంచి కూడా జీతాలు, ఆఫీసు ఖర్చులు ఇవ్వకూడదన్నారు. అంటే గ్రాంటు ఖాతాలో కోటిన్నర కనిపిస్తున్నా, చీపురు పట్టే మనిషికి అందులోంచి ఒక నెల వేతనం ఇవ్వడానికి వీల్లేదు.

తర్వాతది డిపాజిట్లు. కాంట్రాక్టరు టెండరు వేసేటప్పుడు ఈఎండీ, అంటే ముందస్తు డిపాజిట్టు, కడతాడు. పని చేస్తుంటే ప్రతి బిల్లులో ఏడున్నర శాతం ఎఫ్‌ఎస్‌డీ (పని నాణ్యతకు హామీ సొమ్ము) కింద పట్టుకుంటాం. గ్యారంటీ గడువు అయిపోయాక అది తిరిగి ఇచ్చెయ్యాలి. ఆ డబ్బు మన బ్యాంకులో ఉంటుంది, మనది మాత్రం కాదు. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ సెస్సూ అంతే. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాల్సింది. చాలా ఊళ్లలో ఏళ్ల తరబడి పంపరు. జీతాల్లోంచి కోసిన పీఎఫ్, బిల్లుల్లోంచి కోసిన ఆదాయపు పన్ను, జీఎస్టీ, కార్మిక సెస్సు ఇవన్నీ మన ఖాతాలో కొన్నాళ్లు ఆగి వెళ్లే పరాయి సొమ్ము.

లెక్క కోసం ఇలా అనుకుందాం. మూడు కోట్లలో కోటీ అరవై లక్షలు గ్రాంట్లు. డెబ్బై లక్షలు కాంట్రాక్టర్ల డిపాజిట్లు. పాతిక లక్షలు గ్రంథాలయ సెస్సు. పదిహేను లక్షలు కట్టాల్సిన కోతలు. మిగిలింది ముప్పై లక్షలు. ఔట్‌సోర్సింగ్ వేతనాలు, కరెంటు బిల్లు, డీజిల్, క్లోరిన్ కలిపి నెలకు అరవై లక్షలు కావాలనుకుంటే, మూడు కోట్ల మిగులున్న మీ ఊరి దగ్గర పదిహేను రోజులకు సరిపడా డబ్బుంది. పుస్తకంలో అంకె తప్పు కాదు, కార్మికులకు జీతం లేకపోవడమూ అబద్ధం కాదు.

రెగ్యులర్ ఉద్యోగులకు సాధారణంగా ఈ ఇబ్బంది రాదు. వాళ్ల జీతాలు 010 అనే రాష్ట్ర ప్రభుత్వ జీతాల పద్దు కింద ట్రెజరీ నుంచి వస్తాయి. పారిశుద్ధ్య కార్మికుల్లాంటి ఔట్‌సోర్సింగ్ వాళ్ల వేతనాల భారం జనరల్ ఫండ్ మీద పడుతుంది. జనరల్ ఫండ్ అంటే ఊరు సొంతంగా సంపాదించుకునేది: ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, షాపుల అద్దెలు, ఆశీళ్ల వేలం (తెలంగాణలో తైబజారు అంటారు), ప్లాను ఫీజులు, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌చార్జి వాటా. ఊళ్లో అందరికంటే తక్కువ సంపాదించే మనిషి బతుకు, అందరికంటే నిలకడ లేని ఖాతా మీద ఆధారపడి ఉంది. ముప్పై ఏళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం ఇదే.

రెండో మున్సిపాలిటీలో ఉండగా నేనొక అలవాటు పెట్టుకున్నాను. ప్రతి సోమవారం పొద్దున్న ఒక తెల్ల కాగితం మీద అయిదు వరుసలు రాసేవాణ్ని. బ్యాంకుల్లో మొత్తం ఎంత ఉంది, అందులో పరాయి డబ్బెంత, ముడిపెట్టిన గ్రాంట్లు ఎంత, మనదని చెప్పుకోదగ్గది ఎంత, వచ్చే ముప్పై రోజుల్లో తప్పించుకోలేని చెల్లింపులు ఎంత. కమిషనరు గారి టేబుల్ మీద పెట్టేవాణ్ని. మొదట్లో ఆయన విసుక్కునేవారు. ఒక ఆగస్టులో నాలుగో వరుస కంటే అయిదో వరుస పెద్దదైంది. ఆ వారం కౌన్సిల్ ఎజెండాలో ఉన్న రెండు సీసీ రోడ్ల పనులు, ఒక ఆర్చి పని ఆయనే వాయిదా వేయించారు. అక్టోబరు జీతాలు ఆగలేదు. సాఫ్ట్‌వేర్ ఉందా, డబుల్ ఎంట్రీ ఉందా అని చాలామంది అడుగుతారు. అవన్నీ కావాలి. కానీ ఆ అయిదు వరుసలు ఎవరైనా వారానికోసారి చదువుతున్నారా అన్నది అంతకంటే ముఖ్యం.

ఇక్కడ క్యాలెండర్ గురించి చెప్పాలి, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నా రెండో ప్రశ్నా కలిసేది అక్కడే. ఏప్రిల్ 30 లోపు ఏడాది ఆస్తి పన్ను మొత్తం కడితే అయిదు శాతం రాయితీ ఉంటుంది కాబట్టి ఏప్రిల్‌లో కౌంటర్ల దగ్గర క్యూ కడతారు. బకాయిల మీద నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది. ఏడాది చివర్లో ఒత్తిడి చేస్తాం కాబట్టి మార్చిలో మళ్లీ వసూళ్లు పెరుగుతాయి. మధ్యలో, ముఖ్యంగా ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, వచ్చేది సన్నటి ధార. కోస్తాలో వాయుగుండాలు, తుఫాన్లు వచ్చేది ఎప్పుడు? అక్టోబరు, నవంబరు, డిసెంబరు. చేతిలో డబ్బు అడుగంటిన సమయంలోనే గాలీ వానా వస్తాయి. ఇది ఏటా జరిగేదే, అయినా ఏటా కొత్తగా వచ్చినట్టు కంగారు పడతాం. ఏప్రిల్‌లో వచ్చిన డబ్బులో కొంత భాగాన్ని అక్టోబరు దాకా ముట్టుకోకుండా ఉంచగలిగితే మీ ఊరికి సగం ధైర్యం వచ్చినట్టే. కనీసం రెండు నెలల వేతనాలు, కరెంటు బిల్లు. వీలైతే మూడు నెలలవి. ఏప్రిల్ డబ్బు చూసి మే నెలలో టెండర్లు పిలిచే ఊళ్లు డిసెంబరులో చేతులెత్తేయడం నేను కళ్లారా చూశాను.

ఆస్తి పన్ను గురించి రెండు మాటలు. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి అద్దె విలువకు బదులు మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. నివాస భవనాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య, మిగతావాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య కౌన్సిల్ రేటు నిర్ణయించుకోవచ్చు. ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదన్న పరిమితి పెట్టారు. రేటు పెంచడం గురించే అందరూ గొడవ పడతారు. నా అనుభవంలో అంతకంటే పెద్ద డబ్బు రిజిస్టరులోకి ఎక్కని ఇళ్లలో ఉంది.

ఒకసారి ఒక బిల్ కలెక్టరుతో కలిసి మెయిన్ రోడ్డు వెనక వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. డిమాండ్ రిజిస్టరులో (ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసే పుస్తకం) "పెంకుటిల్లు, రెండు గదులు" అని రాసి ఉన్న డోర్ నంబరు దగ్గర నిలబడితే ఎదురుగా మూడంతస్తుల మేడ ఉంది. కింద ట్యూషన్ సెంటరు, పైన రెండు వాటాలు అద్దెకు. ఇంటాయన దాచిపెట్టిందేమీ లేదు. "నోటీసులో ఎంతుంటే అంత కడుతున్నాను కదండీ" అన్నాడు. నిజమే, ఇల్లు కట్టాక ఎవరూ వచ్చి కొలవలేదు. ఆ ఏడాది కరెంటు సర్వీసుల జాబితా తెచ్చి మన అసెస్‌మెంట్ల జాబితా పక్కన పెట్టి వార్డుల వారీగా పోల్చాం. కమర్షియల్ మీటరు ఉండి, మన లెక్కలో నివాసంగా ఉన్నవన్నీ ఏరాం. పన్ను రేటు పైసా పెంచకుండానే డిమాండ్ పెరిగింది. ఇలా పెరిగిన ఆదాయం ఏటా వస్తుంది. ప్లాట్లు, భవనాల క్రమబద్ధీకరణ పథకాలప్పుడు వచ్చే డబ్బు అలా కాదు. అది ఒక్కసారి వచ్చి పోతుంది. దాన్ని చూసి కొత్తగా మనుషుల్ని పెట్టుకున్న ఊరు రెండో ఏడాదికి వాళ్లకి జీతం ఇవ్వలేకపోతుంది.

ఇంకొకటి. బకాయిల జాబితా తీయిస్తే పైవరుసల్లో ప్రభుత్వ ఆఫీసులే కనిపిస్తాయి. పూరింటి వాళ్లకు నోటీసు అంటించగలం, ప్రభుత్వ భవనానికి ఎవరు అంటిస్తారు? అక్కడ బిల్ కలెక్టరు వల్ల ఏమీ కాదు. కమిషనరో, చైర్‌పర్సనో జిల్లా అధికారుల సమావేశంలో అందరి ముందూ అంకెతో సహా అడగాలి. వాళ్ల శాఖ బడ్జెట్‌లో పన్ను కోసం నిధులు అడిగారా అని అడగాలి. అడిగిన చోట కొంతైనా వచ్చింది.

ఆదాయం ఊరి చేతిలో లేని కారణాల వల్ల కూడా పోతుంది. ఇంటింటి చెత్త సేకరణ మీద యూజర్ చార్జీలు 2021లో "క్లాప్" (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు వచ్చాయి, 2024 చివర్లో ప్రభుత్వం ఎత్తేసింది. జనానికి అది ఊరట. కానీ బండీ తిరగాలి, డీజిలూ కొట్టించాలి. పై నుంచి వచ్చే ఏ నిర్ణయానికైనా ఇటూ అటూ రెండు అంకెలుంటాయి. ఒకటి పోయినప్పుడు రెండోది ఎవరు భరిస్తారో అదే రోజు కౌన్సిల్‌లో మినిట్స్‌లోకి ఎక్కేలా అడగాలి. అలాగే తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంది. మంచి పనే. కాకపోతే మిగతా ఖర్చులన్నీ ఆ తొంభై శాతంలో సర్దుకోవాలన్న లెక్క ముందే వేసుకోవాలి.

ఇప్పుడు ప్రమాదాల సంగతి. తుఫాను అందరికీ కనిపిస్తుంది. ఊరి ఖజానాను నిజంగా కుంగదీసేవి చాలావరకు ఫైళ్లలో నిద్రపోతుంటాయి.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఎప్పుడో రోడ్డు వెడల్పు చేయడానికి స్థలాలు తీసుకున్నారు. యజమానులు పరిహారం చాలదని కోర్టుకు వెళ్లారు. ఫైలు ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షనుకి మారింది, వకీలు మారాడు, వాయిదాలకు ఎవరూ వెళ్లలేదు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద పెంచిన పరిహారం మీద మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత ఏడాదికి 15 శాతం వడ్డీ. పది లక్షలు పెంచుతూ తీర్పొస్తే, పన్నెండేళ్లు కట్టకుండా కూర్చుంటే వడ్డీయే పదిహేడు లక్షల నలభై వేలు. మేం మేలుకున్నది కోర్టు అమీనా వచ్చి ఆఫీసు జీపుకు, కుర్చీలకు అటాచ్‌మెంట్ (జప్తు) కాగితం అంటించిన రోజున. అప్పుడు కట్టింది జనరల్ ఫండ్‌లోంచే. ఆ నెల ఎవరి జీతం ఆగిందో మీరు ఊహించగలరు.

ఇంకో ఊళ్లో పీఎఫ్. పారిశుద్ధ్య పనులు కాంట్రాక్టు మీద నడిచిన రోజుల్లో కాంట్రాక్టరు కార్మికుల పీఎఫ్ కోశాడు, కట్టలేదు. మన వాళ్లు ప్రతి నెలా చలానా అడగకుండానే బిల్లు పాస్ చేశారు. చట్టం దృష్టిలో అసలు యజమాని మున్సిపాలిటీయే. బకాయి, దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన డ్యామేజీలు కలిపి నోటీసు వచ్చింది. కాంట్రాక్టరు అప్పటికి ఊళ్లో లేడు. ఆ ఫైలు నేనే చూశాను. బిల్లు వెనక చలానా కాపీ జతచేశారా లేదా అని చూసే ఒక్క నిమిషం పని ఎవరో చేయలేదు. అందుకే మీ అమ్మగారికి చెప్పండి: కోర్టు కేసుల జాబితా, ఒక్కోదానిలో ఓడిపోతే ఎంత కట్టాలో అంచనాతో సహా, ఏడాదికి రెండుసార్లు కౌన్సిల్ ముందు పెట్టించమనండి. పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు ప్రతి నెలా చూడమనండి. వీటిమీద ఎవరూ ఫొటోలు దిగరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

కరెంటు బిల్లు కూడా ఒక ప్రమాదమే. పంపుహౌస్ మోటార్లు, వీధి దీపాలు, ఈ రెండే నెలనెలా పెద్ద మొత్తం తినేస్తాయి. దీని మీద మంచి ఉదాహరణ విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్లో చాలా దీపాల స్తంభాలు పడగొట్టింది. మళ్లీ పాత సోడియం దీపాలే పెట్టకుండా, ఈఈఎస్‌ఎల్ అనే ప్రభుత్వ రంగ ఇంధన పొదుపు సంస్థ ద్వారా తొంభై వేలకు పైగా ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. ముందు పెట్టుబడి సంస్థది, తర్వాత ఆదా అయిన కరెంటు ఖర్చులోంచి వాయిదాల్లో చెల్లింపు. ఎలాగూ మార్చాల్సి వచ్చినప్పుడు నెలనెలా ఖర్చు తగ్గే వస్తువు పెట్టడం, ఇదీ నేను మెచ్చుకునే ఆర్థిక నిర్వహణ. ఆ తర్వాత చిన్న ఊళ్లూ అదే దారి పట్టాయి. అయితే ఒప్పందంలో నిర్వహణ ఎవరిది, దీపం వెలగకపోతే ఎన్ని రోజుల్లో మార్చాలి, మార్చకపోతే ఎంత కోత అన్నది గట్టిగా రాసుకోని చోట వీధులు చీకట్లో ఉన్నాయి, వాయిదాలు మాత్రం నడిచాయి.

వరద వస్తే డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందంటారా? రాష్ట్ర విపత్తు స్పందన నిధి ఉంటుంది. మన రాష్ట్రాల్లో కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. అది తక్షణ సాయానికి, తాత్కాలిక మరమ్మతులకు. కొట్టుకుపోయిన కల్వర్టును పక్కాగా కట్టుకోవడానికి దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. పైగా చేతిలోంచి ముందు ఖర్చు పెట్టి, లెక్కలు పంపి, తర్వాత తెచ్చుకోవాల్సి వస్తుంది. మొదటి పది రోజులు ఊరే గట్టెక్కించుకోవాలి.

ఆ పది రోజుల్లో ఏం కావాలో చెబుతాను. నీళ్లు తోడటానికి ఆయిల్ ఇంజిన్లు. పూడిక తీయడానికి పొక్లెయినూ ట్రాక్టర్లూ. పంపుహౌస్‌కు జనరేటరూ డీజిలూ. బ్లీచింగ్, సున్నం. కార్మికులకు భోజనాలు. ఇవన్నీ నీళ్లు వచ్చాక వెతుక్కుంటే ఎంత చెబితే అంత ఇవ్వాలి. టెండరు పిలిచే టైము ఉండదు కాబట్టి నామినేషన్ మీద, అంటే నేరుగా ఎవరో ఒకరికి, ఇస్తారు. రెండేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లు వచ్చి ధర ఎక్కువ, కొటేషన్లు లేవు, లాగ్‌బుక్ లేదు అని అభ్యంతరం రాస్తారు. అప్పుడు రికవరీ ఆ రోజు వరద నీళ్లలో నిలబడి పనిచేసిన శానిటరీ ఇన్‌స్పెక్టర్ మీద పడుతుంది. నిజాయితీపరుడైన ఒక సహోద్యోగి రిటైర్‌మెంటు డబ్బు ఇలాంటి అభ్యంతరం వల్లే చాలాకాలం ఆగిపోయింది. తర్వాత నేను జూన్‌లోనే గంటకి పొక్లెయిన్ ఎంత, రోజుకి ఇంజిన్ ఎంత, ట్రిప్పుకి ట్యాంకర్ ఎంత అని టెండరు పిలిచి రేట్ కాంట్రాక్టు పెట్టించేవాణ్ని. వాన రాకపోతే రూపాయి ఖర్చు లేదు. వస్తే ఫోన్ చేస్తే చాలు. చిన్న ఊరికి ఇంతకంటే చవకైన బీమా నాకు తెలీదు.

మరొకటి చాలామంది లెక్కలోకి తీసుకోరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడినప్పుడు, రాష్ట్రంలోని మిగతా పట్టణాల నుంచి పారిశుద్ధ్య కార్మికుల్ని తీసుకెళ్లారు. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లలో బురద కడిగారు. అదే రోజు మున్నేరు ఖమ్మంలోకి వచ్చింది. పక్క ఊరికి ఆపద వస్తే మనం వెళ్లాలి, మనకొస్తే వాళ్లు వస్తారు. చిన్న పట్టణాలకు అసలైన అండ ఇదే. కానీ మీ మనుషులు పది రోజులు బయటికి వెళితే మీ ఊళ్లో చెత్త ఎవరు ఎత్తుతారు, వాళ్ల ప్రయాణం, భత్యాలు ఏ పద్దులో రాస్తారు అన్నది ముందే ఆలోచించి ఉంచాలి. వెళ్లొచ్చిన వాళ్ల భత్యం బిల్లులు ఎక్కడా పెండింగులో లేకుండా చూడటం కనీస మర్యాద.

వరద కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది తాగునీరు. 2018లో గుంటూరులో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన ఊళ్లలో కుళాయి గొట్టాలు మురుగు కాలవల్లోంచే వెళుతుంటాయి. నీళ్లు వదిలే గంటసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. ఆపగానే ఒత్తిడి పడిపోయి, పగులు ఉన్నచోట కాలవ నీళ్లు లోపలికి పోతాయి. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. దీనికి కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. నీటి సరఫరా చిట్టచివరి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష కిట్‌తో చూడాలి. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే లేత పసుపు రంగు రావాలి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగు రాలేదంటే ఆ వీధిలో ఎక్కడో గొట్టం పగిలింది, లేదా ట్యాంకులో క్లోరిన్ వేయలేదు. ఒక అతిసారం కేసు ఊరికి తెచ్చే ఖర్చు, ట్యాంకర్లు, మెడికల్ క్యాంపులు, పరిహారం, అన్నిటికీ మించి పోయిన ప్రాణం, వీటితో పోలిస్తే కాలవలోంచి వెళ్లే సర్వీసు గొట్టాలు పక్కకి మార్చే ఖర్చు ఏపాటిది? 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో తాగునీటి 30 శాతం సరిగ్గా ఇలాంటి పనికే ఇచ్చారు. అది వదిలేసి ఎక్కడో కొత్త ట్యాంకు కట్టి శిలాఫలకం వేయించుకుంటే నాకు మనసొప్పదు.

ఇక బాండ్లు, అంటే మార్కెట్లో మదుపరుల దగ్గర వడ్డీకి అప్పు తీసుకుని ఇచ్చే పత్రాలు. అహ్మదాబాద్ 1998లో రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ లేకుండానే వంద కోట్ల బాండ్లు వేసింది. 2015లో సెబీ (మార్కెట్ నియంత్రణ సంస్థ) నిబంధనలు వచ్చాక పుణె, హైదరాబాద్, విశాఖ లాంటివి వేశాయి. జీహెచ్‌ఎంసీ 2018లో 8.90 శాతానికి 200 కోట్లు తెచ్చింది. వీటికి అప్పు తీర్చే సత్తాను చెప్పే రేటింగ్ కావాలి, ఆడిటైన లెక్కలు కావాలి, పన్ను వసూళ్లు ఒక ఎస్క్రో ఖాతాలో పడి ముందు అప్పు వాయిదా తీరాకే మిగతాది ఊరి చేతికి రావాలి. ఏడాదికి ఆరేడు కోట్ల సొంత ఆదాయం ఉన్న ఊరికి ఒంటరిగా ఆ పని సాధ్యం కాదు. చిన్న ఊళ్లు కలిసి చేసిన ఉదాహరణ తమిళనాడులో ఉంది. 2002–03లో పదమూడు చిన్న పట్టణ సంస్థల తాగునీటి, పారిశుద్ధ్య పనుల కోసం ఒక ఉమ్మడి నిధి 30.41 కోట్లు సేకరించింది. ఒక ఊరు వాయిదా తప్పితే దానికి రాష్ట్రం నుంచి రావాల్సిన వాటాలోంచే పట్టుకునే ఏర్పాటు చేశారు. మన దగ్గరా అలాంటిది రావాలని నా కోరిక. కానీ మీ ఊరికి ఇవాళ అప్పు అవసరం కంటే డీసీబీ, అదే డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ పట్టిక, సరిచేసుకోవడం ఎక్కువ అవసరం. అప్పు చేయాల్సి వస్తే నెలవారీ ఖర్చు తగ్గించే దానికో, ఆదాయం తెచ్చే దానికో మాత్రమే చేయండి. వాయిదాలు కూడా వెళ్లేది అదే జనరల్ ఫండ్‌లోంచి, అదే కార్మికుల జీతం పక్కనుంచి.

మీ అమ్మగారు వచ్చే మీటింగుకు ముందు ఏం అడగాలంటే: ఒక్కో బ్యాంకు ఖాతాలో ఎంత ఉంది, అది దేనికోసం అన్న వివరం, బ్యాంకు పాస్‌బుక్‌తో క్యాష్‌బుక్ సరిపోల్చిన నెల ఏది అన్నది ముఖ్యంగా. ఆరు నెలల క్రితం సరిపోల్చామంటే ఆ అంకెలేవీ నమ్మక్కర్లేదు. తర్వాత బకాయిల్లో మొదటి వంద పేర్లు. ఆ తర్వాత పాసై చెల్లించకుండా ఉన్న బిల్లుల మొత్తం, కరెంటు బకాయి, పీఎఫ్ చలానాలు. రాతపూర్వకంగా అడగమనండి, మర్యాదగా అడగమనండి. అకౌంట్స్ సెక్షన్ వాళ్లు శత్రువులు కారు. చాలా ఊళ్లలో ఇద్దరు చేయాల్సిన పనికి ఒక్కరే ఉంటారు, అడిగేవాళ్లు లేక వాళ్లూ రాయడం మానేస్తారు. ఎవరైనా చదువుతారని తెలిస్తే శ్రద్ధగా రాస్తారు, నేను అలాగే రాశాను.

ఒక పని మాత్రం మీటింగు దాకా ఆగకుండా ఈ వారమే చేయమనండి. పంపుహౌస్‌కు వెళ్లి స్టాండ్‌బై మోటారు చూపించమని అడగమనండి. చూసి ఊరుకోకుండా, ఎదురుగా నిలబడి పావుగంట నడిపించమనండి. ఒక మే నెలలో మా ఊళ్లో మెయిన్ మోటారు కాలిపోతే, రికార్డుల్లో భేషుగ్గా ఉన్న రెండో మోటారు స్విచ్ వేయగానే ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ఏడాదిగా తిప్పకపోవడంతో బేరింగులు పట్టేశాయి. నాలుగు రోజులు ట్యాంకర్లతో నీళ్లిచ్చాం. ట్యాంకర్లకు అయిన ఖర్చుతో మంచి మోటారొకటి కొత్తది వచ్చేది. నడిపించిన తేదీ, టైము పక్కనున్న రిజిస్టరులో రాయించి, కింద అమ్మగారిని సంతకం పెట్టమనండి.